తెర మీద మేఘం, వంటింట్లో ఆవిరి



సినిమా పాటలో నాయికా నాయకుల పాదాల చుట్టూ తెల్లని పొగ పాకడం మీరంతా చూసే ఉంటారు. మన జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ సినిమావాళ్ళకు బాగా తెలిసిన పాత ఉపాయమే అది. వేడినీళ్ళలో డ్రై ఐస్ ముక్కలు వేస్తారు, అంతే! డ్రై ఐస్ అంటే గడ్డకట్టిన బొగ్గుపులుసు వాయువు. సున్నాకు దిగువన 78 డిగ్రీల చలి దానిది. అది కరిగి నీరు కాదు, తిన్నగా వాయువైపోతుంది. ఆ చలికి తేమ సన్నని తుంపరలై మనకు పొగలా కనిపిస్తుంది.

కిలో డ్రై ఐస్ వాయువుగా మారితే సుమారు 550 లీటర్ల చోటు కావాలి. అంటే పది లీటర్ల బిందెలు యాభై అయిదన్నమాట! విశాలమైన సెట్టులో అది పరుచుకుపోతుంది. అదే ముక్కను సీసాలో వేసి మూత బిగిస్తే? సీసా పేలిపోతుంది. ఐస్‌క్రీమ్ పార్సెలుతో ఇలాంటి ముక్క ఇంటికి వస్తే పిల్లల చేతికి ఇవ్వకండి. చర్మం కాలినట్టవుతుంది. తలుపులు మూసిన గదిలోనూ ఉంచకండి, ఊపిరాడదు. పిల్లలు తిరగని చోట, ఆరుబయట వదిలేస్తే అదే పోతుంది.

ఎందుకిలా? వాయువుకు పీడనం, ఘనపరిమాణం, ఉష్ణోగ్రత, మొత్తం అని నాలుగు సంగతులున్నాయి. ఒకే ఇంట్లో నలుగురు తోడికోడళ్ళనుకోండి. ఒకరు కదిలితే తక్కినవారు సర్దుకోవలసిందే. వేడి మారకుండా వాయువును సగం చోటులోకి నొక్కితే పీడనం రెట్టింపవుతుందని 1662లో బాయిల్ చెప్పాడు. వేడిచేస్తే వాయువు వ్యాకోచిస్తుందని ఛార్లెస్, గేలూసాక్ తేల్చారు. మొత్తం పెరిగితే చోటూ పెరగాలన్నది 1811 నాటి అవగాడ్రో సూత్రం నుంచి వచ్చేమాట. బుడగ ఊదుతుంటే మనం చూసేది అదేగా!

ఇక కుక్కరు సంగతి. దాని గిన్నె సాగదు. లోపల ఆవిరీ, వేడీ పెరుగుతుంటే పీడనం పెరగక ఏమవుతుంది? వెయిట్ లేచేసరికి అది బయటి పీడనానికి దాదాపు రెట్టింపవుతుంది. అప్పుడు నీరు 120 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. కందిపప్పు ఇట్టే ఉడకడానికి కారణం అదే. కానీ ఆవిరి గొట్టంలో పప్పుపొట్టు అడ్డుపడితే, ఆ కుక్కరుకూ మూత బిగించిన సీసాకూ తేడా ఏముంది? మూత పెట్టేముందు గొట్టాన్ని వెలుతురుకెత్తి చూడండి. ఆవిరి పూర్తిగా పోకుండా మూత లాగకండి.

గ్యాసు సిలిండరు తీరు వేరు. లోపల ఎక్కువ భాగం ద్రవమే. అది మిగిలి ఉన్నంతసేపూ పీడనం వేడిని బట్టి ఉంటుంది గాని, మొత్తాన్ని బట్టి కాదు. అందుకే మంట బాగుంది కదా అని గ్యాసు నిండుగా ఉందనుకోకండి. తూచి, సిలిండరు మీద రాసి ఉన్న ఖాళీ బరువు తీసివేయండి. నిండుదానిలో 14.2 కిలోలుండాలి. అడుగున మిగిలిన గ్యాసు కోసం సిలిండరును వేడినీళ్ళలో పెట్టడం మాత్రం ఎన్నడూ వద్దు.

వాయువును బంధించవచ్చు. కాని బయటికి పోయే దారి ఉంచి బంధించాలి. ఈ పూట పప్పు పెట్టేముందు ఒక్కసారి ఆ గొట్టం చూస్తారు కదూ? సెలవు.