కావలూరు కొండ, కుజుడి మంచు

రాయవేలూరు నుంచైనా, గుడియాత్తం నుంచైనా వాణియంబాడి చేరి, ఆలంగాయం మీదుగా జవ్వాది కొండలెక్కితే కావలూరు. 2019లో జిల్లా చీలి తిరుపత్తూరు కిందికి పోయింది గానీ, అప్పటిదాకా వేలూరు జిల్లా ఊరే. మంచి చీకటి కోసం అబ్జర్వేటరీకి ఈ చోటు ఎంచింది ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు. తండ్రి హైదరాబాదు నిజామియా అబ్జర్వేటరీలో ఉద్యోగి కావడంతో అక్కడే పెరిగి, ఆకాశం మరిగిన మనిషి.

1968లో 38 సెంటీమీటర్ల టెలిస్కోపుతో కావలూరు అబ్జర్వేటరీ మొదలైంది. 1972లో మీటరు అద్దం వచ్చింది. ఆ ఏడే గురుగ్రహపు చందమామ గానిమీడ్‌కు పలచని వాయుపొర ఉందన్న ఆధారం ఇక్కడ దొరికింది. 1986లో ప్రారంభించిన 2.3 మీటర్ల టెలిస్కోపుకు బప్పు పేరే పెట్టారు. దాన్ని చూడకుండానే 1982లో ఆయన పోయారు.

ఇక్కడినుంచి చూస్తే కుజుడి ధ్రువం ఒక తెల్లమచ్చ, అంతే. ఆ తెలుపు పొరలు పొరలుగా ఉందని 1972లో మారినర్-9 వ్యోమనౌక ఫొటోలు తేల్చాయి. ఉత్తర ధ్రువంలో సుమారు వెయ్యి కిలోమీటర్ల వెడల్పున, రెండు కిలోమీటర్లకు మించిన మందాన మంచు, మధ్యమధ్య దుమ్ము. కుజుడి ఇరుసు వాలు ఇప్పుడు 25 డిగ్రీలు. కొన్ని లక్షల ఏళ్లలోనే 15కు తగ్గుతుంది, 35కు పెరుగుతుంది. భూమి వాలు అంతగా మారకుండా మనకు చందమామ పట్టు ఉంది. కుజుడికి అంత పెద్ద చందమామ లేదు. వాలు పెరిగితే ధ్రువాల మంచు ఆవిరై నడిమి ప్రాంతాల్లో పేరుకుంటుంది, తగ్గితే తిరిగొస్తుంది. కుజుడి చివరి మంచుయుగం ముగిసి దాదాపు 3.7 లక్షల ఏళ్లయిందనీ, ఆ తర్వాత ధ్రువాలకు చేరిన మంచు 87 వేల ఘనకిలోమీటర్లనీ రాడార్‌తో పొరలు చదివి 2016లో లెక్కకట్టారు.

కొండ దిగితే పాలారు. 1903 వరద వాణియంబాడిని ముంచింది. వరదవరదకూ ఏరు ఇసుక, ఒండ్రు పరుస్తుంది. కదపకుండా ఉంచితే కుజుడి మంచుపొరల్లాగే అదీ వాతావరణ చరిత్రే. ఇసుక లారీలు ఉంచితేగా! కోట్ల కిలోమీటర్ల అవతలి రికార్డు భద్రంగా ఉంది, ఇంటిముందుది చెదిరిపోతోంది. నాకిది సిగ్గుచేటే.

2027 ఫిబ్రవరిలో కుజుడు మళ్లీ మనకు దగ్గరవుతాడు, ఈసారి ఉత్తర ధ్రువం మనవైపు వాల్చి. కావలూరులో సందర్శకులను ఏ వేళల్లో రానిస్తారో ముందే కనుక్కుని, పిల్లలను వెంటబెట్టుకు వెళ్లండి.