కూర్చోవడం కూడా సిగరెట్ అంత డేంజరా? ఈసారి లెక్క వేసి చూద్దాం

మీలో ముప్పావు వంతు మంది ఈ ఎపిసోడ్‌ని కూర్చునో, పడుకునో చూస్తుంటారని నాకు తెలుసు. పర్లేదు, ప్రస్తుతానికి అలాగే ఉండండి. మధ్యలో ఒకసారి లేపుతాను.

ఇవాళ్టి టాపిక్ ఒకే ఒక్క లైన్. రీల్స్‌లో, వాట్సాప్ ఫార్వర్డ్స్‌లో, ఆఫీస్ హెల్త్ క్యాంప్ పోస్టర్ల మీద మీరు చూసే ఉంటారు: "ఎక్కువసేపు కూర్చోవడం అంటే సిగరెట్ తాగినట్టే." అమెరికాలో మేయో క్లినిక్‌లో పనిచేసిన డాక్టర్ జేమ్స్ లెవిన్ వల్ల ఈ మాట బాగా పాపులర్ అయింది. వినడానికి భలే ఉంటుంది. కానీ నిజమేనా?

బీటెక్ అయ్యాక నేను కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ జాబ్ చేశాను. అక్కడ ఈ లైన్‌ని జనం రెండు రకాలుగా వాడటం చూశా. సిగరెట్ ముట్టనివాళ్లు భయపడిపోయి ఆన్‌లైన్‌లో స్టాండింగ్ డెస్క్‌లు వెతికేవాళ్లు. సిగరెట్ తాగేవాళ్లు మాత్రం, "నువ్వు పొద్దున్నుంచి కుర్చీలోంచి లేవలేదు మామా, నేను కనీసం గంటకోసారి కిందకి దిగి దమ్ము కొట్టి వస్తున్నా. ఇద్దరం సమానమే" అనేవాళ్లు. అందరం నవ్వేవాళ్లం. కానీ ఆ లెక్కని సీరియస్‌గా నమ్మితే మాత్రం ఆయుష్షులో పదేళ్లు పోతాయి. పదేళ్లు అని ఊరికే అనట్లేదు, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తా.

ముందే ఒక మాట. నేను డాక్టర్‌ని కాదు. చదివి, అర్థం చేసుకుని మీకు చెప్తున్నా. మీకు ఆల్రెడీ ఏదైనా సమస్య ఉంటే డాక్టర్ మాటే ఫైనల్.

బస్సు డ్రైవర్, బస్సు కండక్టర్

కూర్చోవడం గురించి సైన్స్ మొదలైంది లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో. జెర్రీ మోరిస్ అనే డాక్టర్, ఆయన టీమ్ ఒక చిన్న ప్రశ్న వేసుకున్నారు. ఒకే బస్సు, ఒకే ఊరు, దాదాపు ఒకే రకం కుటుంబాలు. డ్రైవర్ రోజంతా కూర్చుంటాడు. కండక్టర్ టికెట్లు కొడుతూ పైకీ కిందకీ మెట్లు ఎక్కి దిగుతూనే ఉంటాడు. మరి ఇద్దరిలో గుండె జబ్బు ఎవరికి ఎక్కువ?

1953లో లాన్సెట్ జర్నల్‌లో రిజల్ట్ వచ్చింది. డ్రైవర్లకే ఎక్కువ. గుండెపోటుతో ఉన్నట్టుండి చనిపోవడం కూడా వాళ్లలోనే ఎక్కువ.

ఇక్కడ ఆగిపోతే అది వాట్సాప్ ఫార్వర్డ్ అవుతుంది. మోరిస్ ఆగలేదు. 1956లో ఇంకో పేపర్ రాశారు. బస్సు కంపెనీ వాళ్లకి కుట్టించిన యూనిఫామ్ కొలతలు తీసి చూస్తే, డ్రైవర్ల నడుము సైజు కండక్టర్ల కంటే పెద్దది, కుర్రవాళ్లలో కూడా. అంటే తేడా అంతా సీటు వల్లే రాలేదేమో, మొదటి నుంచీ కొంత ఉందేమో అని తన రిజల్ట్‌ని తనే అనుమానించారన్నమాట. కూర్చోవడం మీద వచ్చే ప్రతి హెడ్‌లైన్ దగ్గరా ఇదే అనుమానం పెట్టుకోండి. ఎక్కువ కూర్చునేవాళ్లు వేరే విషయాల్లో కూడా తేడాగా ఉండొచ్చు: తిండి, నిద్ర, బరువు, స్ట్రెస్.

కూర్చుంటే లోపల ఏమవుతుంది?

మన తొడలు, పిరుదుల కండరాలు ఒంట్లోకెల్లా పెద్దవి. అవి పనిచేస్తుంటే రక్తంలోని చక్కెరని, కొవ్వుని లాగి వాడేసుకుంటాయి. గంటలకొద్దీ కదలకపోతే ఆ వాడకం పడిపోతుంది. మధ్యాహ్నం ఫుల్‌గా అన్నం తిని వెంటనే మీటింగ్‌లో కూర్చున్నామనుకోండి, ఆ చక్కెర రక్తంలో ఎక్కువసేపు తిరుగుతూ ఉంటుంది. రోజూ ఇదే నడిస్తే బరువు, షుగర్, లివర్‌లో కొవ్వు మెల్లగా లైన్‌లోకి వస్తాయి.

ఇది మన దగ్గరి విషయమే. హైదరాబాద్ యూనివర్సిటీ వాళ్లు 2025లో పబ్లిష్ చేసిన స్టడీలో 345 మంది ఐటీ ఉద్యోగుల్ని పరీక్షిస్తే, దాదాపు 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు ఎక్కువగా ఉంది. 71 శాతం మంది ఊబకాయం లెక్కలోకి వచ్చారు. ఇందులో తప్పంతా కుర్చీదే అని ఆ స్టడీ నిరూపించలేదు. నైట్ షిఫ్ట్‌లు, అర్ధరాత్రి బిర్యానీలు, తక్కువ నిద్ర, అన్నీ కలిసే ఉంటాయి. కానీ ఆ కట్టలో కుర్చీ కూడా ఒకటి.

కాబట్టి కూర్చోవడం మంచిదేం కాదు. అందులో డౌట్ లేదు. ప్రశ్న ఏంటంటే, సిగరెట్ అంత చెడ్డదా?

సిగరెట్ దగ్గర కథే వేరు

1951లో ఇంగ్లండ్‌లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే ఇద్దరు ఒక స్టడీ మొదలుపెట్టారు. బ్రిటన్‌లోని డాక్టర్లకి ఉత్తరాలు రాసి "మీరు పొగ తాగుతారా, ఎంత తాగుతారు" అని అడిగారు. అలా దొరికిన వాళ్లలో 34 వేలకు పైగా మగ డాక్టర్లని 50 ఏళ్ల పాటు ఫాలో అయ్యారు. 2004లో ఫైనల్ రిజల్ట్ వచ్చింది. సిగరెట్ కొనసాగించినవాళ్లు, అసలు తాగనివాళ్ల కంటే సగటున 10 ఏళ్లు ముందే చనిపోయారు. నేను చెప్పిన పదేళ్లు ఇవే. ఇంకో విషయం, దీనికి ముందు లంగ్ క్యాన్సర్ మీద రీసెర్చ్ చేస్తున్నప్పుడే డాల్ తన సొంత సిగరెట్ మానేశారు. డేటా అంత క్లియర్‌గా కనిపించింది ఆయనకి.

ఎందుకంత తేడా? పొగలో 7,000కు పైగా రసాయనాలు ఉంటాయి, వాటిలో కనీసం 70 దాకా క్యాన్సర్ కలిగించేవి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్, ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా హిమోగ్లోబిన్‌ని పట్టుకుంటుంది. అంటే ఆక్సిజన్ ఎక్కాల్సిన బస్సులో సీట్లన్నీ ఇదే కర్చీఫ్ వేసి ఆపేసుకుంటుంది. ఇంకోపక్క రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది, రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది.

సిగరెట్ అంటే ఖరీదైన ప్యాకెట్ ఒక్కటే కాదు. బీడీ నేచురల్ అనుకోవద్దు, అది కూడా పొగే. శ్రీకాకుళం, విశాఖ వైపు కొంతమంది పెద్దవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, చుట్ట నిప్పు వైపుని నోట్లో పెట్టుకుని తాగుతారు. దాన్ని అడ్డపొగ అంటారు. అంగిలి క్యాన్సర్‌కి అదో పెద్ద కారణమని మన డాక్టర్లు ఎప్పటి నుంచో చెప్తూనే ఉన్నారు.

25 శాతం, 180 శాతం

ఇప్పుడు అసలు లెక్క. 2018లో కొంతమంది రీసెర్చర్లు కూర్చోవడాన్నీ సిగరెట్‌నీ పక్కపక్కన పెట్టి చూశారు. బాగా ఎక్కువగా కూర్చునేవాళ్లకి త్వరగా చనిపోయే రిస్క్ సుమారు 25 శాతం ఎక్కువ. సిగరెట్ తాగేవాళ్లకి సుమారు 180 శాతం ఎక్కువ.

శాతాలు వింటే బుర్రకి ఎక్కదు, మనుషుల్లోకి మారుద్దాం. ఇది కేవలం ఉదాహరణ: ఒక హాల్లో 100 మంది ఉన్నారు, ఏ చెడు అలవాటూ లేదు, వాళ్లలో 10 మంది త్వరగా చనిపోతారు అనుకుందాం. అదే 100 మంది రోజంతా కూర్చునే టైపు అయితే ఆ 10 కాస్తా 12 లేదా 13 అవుతుంది. అదే సిగరెట్ తాగేవాళ్లయితే 28 అవుతుంది.

రెండూ పెరిగాయి. కానీ ఒకటి రోడ్డు మీద గుంట, ఇంకోటి బ్రిడ్జి కూలిపోవడం. రెండిటికీ ఒకే బోర్డు పెడితే జనం బ్రిడ్జిని కూడా గుంట అనుకుని బండి పోనిస్తారు. "ఎలాగూ కూర్చుంటున్నాంగా, సిగరెట్ అయితే ఏంటి" అనే మాట అలాంటిదే.

"రోజుకి ఒక్కటే బ్రో"

ఇది నేను అందరికంటే ఎక్కువ విన్న డైలాగ్. టీతో ఒక్కటి, అంతే. లాజిక్ ఏంటంటే 20 తాగేవాడితో పోలిస్తే ఒకటి అంటే రిస్క్ కూడా 20వ వంతేగా అని. లంగ్ క్యాన్సర్ విషయంలో ఎంత తక్కువ తాగితే అంత తక్కువ రిస్క్ అనేది కొంతవరకు నడుస్తుంది. కానీ గుండె అలా లెక్క వేసుకోదు. 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన రివ్యూ ప్రకారం, రోజుకి 20 తాగేవాళ్లకి గుండె జబ్బు రిస్క్ ఎంత అదనంగా పెరుగుతుందో, రోజుకి ఒక్కటి తాగినా అందులో దాదాపు సగం వస్తుంది. 20 నుంచి 1కి తగ్గించినవాడు 95 శాతం సేఫ్ అనుకుంటాడు, గుండె మాత్రం సగం బిల్లు పంపిస్తుంది. తగ్గించడం మంచి మొదటి మెట్టే. కానీ అక్కడే ఇల్లు కట్టుకోకూడదు.

"జిమ్‌కి వెళ్తున్నాగా, బ్యాలెన్స్ అవుతుంది"

ఇక్కడే ఈ రెండు అలవాట్లకీ అసలైన తేడా ఉంది. కూర్చోవడానికి విరుగుడు ఉంది. 2016లో లాన్సెట్‌లో పది లక్షలకు పైగా మంది డేటా కలిపి చూసిన స్టడీ వచ్చింది. రోజుకి 8 గంటలకు పైగా కూర్చున్నా సరే, 60 నుంచి 75 నిమిషాలు వేగంగా నడవడం లాంటి వ్యాయామం చేసేవాళ్లలో ఆ అదనపు రిస్క్ దాదాపు కనిపించలేదు. టీవీ ముందు 5 గంటలు దాటి కూర్చునేవాళ్లకి మాత్రం పూర్తిగా పోలేదు, తగ్గింది.

సిగరెట్‌కి అలాంటి విరుగుడు లేదు. వ్యాయామం చేసే స్మోకర్, చేయని స్మోకర్ కంటే మెరుగే. కానీ ట్రెడ్‌మిల్ మీద ఎంత పరిగెత్తినా పీల్చిన పొగ వెనక్కి రాదు. దానికి ఒకటే మందు, మానేయడం.

సరే, ఇప్పుడు లేవండి

నిజంగానే చెప్తున్నా, ఫోన్ చేతిలోనే పట్టుకుని లేచి నిలబడండి. మిగతాది నడుస్తూ వినండి.

కూర్చునేవాళ్లకి: 2012లో ఆస్ట్రేలియాలో ఒక చిన్న స్టడీ చేశారు, బరువు ఎక్కువున్న 19 మందితో. ప్రతి 20 నిమిషాలకి 2 నిమిషాలు నడిస్తే చాలు, తిన్నాక పెరిగే షుగర్, ఇన్సులిన్ రెండూ బాగా తగ్గాయి. కాబట్టి ఫోన్ కాల్ వస్తే నడుస్తూ మాట్లాడండి. లంచ్ అయ్యాక వెంటనే సీట్లో కూలబడకుండా ఒక రౌండ్ వేయండి. ఊరికే నిలబడటం కంటే నడక మేలు, అందుకే స్టాండింగ్ డెస్క్ మీద వేలకి వేలు పోసే ముందు ఒకసారి ఆలోచించండి. వారం మొత్తానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క 150 నుంచి 300 నిమిషాల మీడియం వ్యాయామం, రెండు రోజులు కండరాలకి పని.

సిగరెట్ తాగేవాళ్లకి: అదే బ్రిటిష్ డాక్టర్ల స్టడీలో ఒక మంచి వార్త కూడా ఉంది. 60 ఏళ్లకి మానేసినవాళ్లకి సుమారు 3 ఏళ్ల ఆయుష్షు వెనక్కి వచ్చింది. 50కి మానేస్తే 6, 40కి మానేస్తే 9, 30కి మానేస్తే దాదాపు 10కి 10 వచ్చేశాయి. ఈ ఎపిసోడ్ చూసేవాళ్లలో చాలామంది ఇంకా ముప్పై దాటలేదు. ఇంత మంచి ఆఫర్ మళ్లీ రాదు.

ఒక్కరే తిప్పలు పడక్కర్లేదు. 1800-11-2356 అనే కేంద్ర ప్రభుత్వ టోల్ ఫ్రీ నంబర్‌కి కాల్ చేస్తే కౌన్సెలింగ్ ఇస్తారు. నికోటిన్ గమ్, ప్యాచ్‌ల గురించి డాక్టర్‌ని అడగండి. మొదటి కొన్ని రోజులు చిరాకు, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. అది మీ విల్‌పవర్ వీక్ అని కాదు, నికోటిన్ లేదని బ్రెయిన్ గొడవ చేస్తోందని అర్థం. ఒకసారి ఫెయిలైతే మళ్లీ ట్రై చేయండి, చాలామంది మానేసింది అలాగే.

గంటకోసారి కిందకి దిగే ఆ బ్రేక్ ఉంది చూశారా, దాన్ని మాత్రం వదలొద్దు. లిఫ్ట్ కాకుండా మెట్లు దిగండి, టీ తాగండి, ఫ్రెండ్‌తో నాలుగు కబుర్లు చెప్పండి. అందులోంచి సిగరెట్ ఒక్కటి తీసేయండి చాలు.

డౌట్లు ఉంటే అడగండి. "రోజుకి ఒక్కటే" అనే ఫ్రెండ్ మీకు కచ్చితంగా ఒకడు ఉంటాడు, వాడికి ఇది పంపండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి, బై.