సూదిపోట్లూ, మిర్చీ చిలిపి పనులూ

మూత్రపిండాలు పని మానేసిన మనిషి ఉన్న ఇంట్లో వారానికి ఏడు రోజులుండవు. డయాలిసిస్ ఉన్న రోజులు, లేని రోజులు అని రెండే రకాలుంటాయి. మా ఇంట్లో ఈ లెక్క మొదలై నాలుగేళ్లు దాటింది. జుమా రోజున ఇంటి పట్టున ఉండాలని మా అమ్మీజాన్ కోరి మరీ మంగళ, గురు, శనివారాలు ఎంచుకున్నారు. ఆ మూడు రోజులూ ఆస్పత్రిలో నాలుగేసి గంటలు యంత్రం పక్కన పడుకుని, రక్తం శుభ్రం చేయించుకుని వస్తారు. మిగతా రోజుల్లో ఆమె కాలక్షేపం, కోపం, నవ్వు అన్నీ మిర్చీతోనే. మిర్చీ అంటే మా ఇంటి ఎర్రపిల్లి. గుంటూరులో పుట్టిన పిల్లికి ఇంకేం పేరు పెడతాం?

ఏడాదికి 312 పోట్లు

డయాలిసిస్ అంటే యంత్రం, గొట్టాలు గుర్తొస్తాయి గానీ, రోగికి ముందు గుర్తొచ్చేది సూది. ప్రతిసారీ రెండు సూదులు గుచ్చాలి. ఒకదాని గుండా రక్తం బయటికి వెళుతుంది, రెండోదాని గుండా తిరిగి లోపలికి వస్తుంది. మామూలు ఇంజెక్షన్ సూది కాదది. సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు మందం ఉంటుంది. వారానికి ఆరు పోట్ల చొప్పున ఏడాదికి 312 అవుతాయి. ‘అలవాటైపోతుందిలే’ అని చూడవచ్చినవాళ్లు అంటుంటారు. అమ్మీజాన్ మాత్రం, ‘అలవాటు కాదు బేటా, ఓర్చుకోవడమే’ అంటారు.

ఈ వైద్యం వెనుక పెద్ద చరిత్రే ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న హాలెండులో విలెం కోల్ఫ్ అనే వైద్యుడు 1943లో మాంసం కూరే సెలోఫేన్ గొట్టాలతో మొదటి యంత్రం తయారు చేశాడు. 1945లో దానివల్ల ఒక వృద్ధురాలి ప్రాణం నిలిచింది. అయితే ప్రతిసారీ రక్తనాళం కోయవలసి రావడంతో కొద్దిసార్లకు మించి చేయడానికి వీలుండేది కాదు. 1966లో న్యూయార్క్ వైద్యులు బ్రెషియా, సిమినో, తమ సహచరుడైన సర్జన్ అపెల్‌తో కలిసి దీనికి దారి చూపారు. మణికట్టు దగ్గర ధమనిని సిరకు కలిపి కుట్టేస్తే, కొన్ని వారాలకు ఆ సిర లావెక్కి గట్టిపడి సూదిపోట్లకు తట్టుకుంటుంది. దీన్నే ఫిస్టులా అంటారు. డయాలిసిస్ రోగికి అదే ప్రాణనాడి. ఆ చేతికి బీపీ పట్టీ చుట్టకూడదు, పరీక్షకు రక్తం తీయనివ్వకూడదు. బరువులు మోయకూడదు, బిగుతు గాజులు వేయకూడదు, దాన్ని తలకింద పెట్టుకుని పడుకోకూడదు.

ఈ జాగ్రత్తలన్నీ మనిషికి చెప్పవచ్చు. పిల్లికి ఎవరు చెప్పాలి?

మిర్చీ దండయాత్రలు

నొప్పి తగ్గడానికి సూది గుచ్చే చోట గంట ముందు మత్తు క్రీము పూసి, పైన ప్లాస్టిక్ కాగితం చుట్టుకోమన్నారు. ఆ కాగితం గరగరమన్న చప్పుడు వింటే చాలు, మిర్చీ అలమారా మీదినుంచి దూకి వస్తుంది. దాన్ని లాగాలి, కొరకాలి. ఆ క్రీము పిల్లి నాలుకకు తగిలితే దానికీ ప్రమాదమే. అందుకని ఆ గంటసేపు దానికి వంటింట్లో ఖైదు. దూది చుట్టలు, ప్లాస్టర్లు మూత ఉన్న డబ్బాలోకి మారాయి. ఒకరోజు రక్తపరీక్షల ఫైలు మీద అది హాయిగా నిద్రపోయింది. లేపబోతే, ‘ఉండనీ, రిపోర్టు ఎలాగూ మారదుగా’ అన్నారు అమ్మీజాన్.

అన్నిటికన్నా పెద్ద తగాదా నీళ్ల దగ్గర. మూత్రం రానివారు తాగిన నీరంతా ఒంట్లోనే చేరుతుంది. అందుకే డాక్టరు రోజుకు ఇంత అని కొలిచి ఇచ్చారు. తెల్లవారగానే సీసాలో పోసిన ఆ నీరే రాత్రి దాకా. గుక్కెడు గుక్కెడు దాచుకున్న గ్లాసులో మిర్చీ మూతి పెట్టిందంటే, మా ప్రాణం చివుక్కుమంటుంది.

అమ్మీజాన్‌కు మాత్రం కోపం రాదు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) వుజూ కోసం పెట్టిన నీళ్ల దగ్గరికి పిల్లి వస్తే, ఆయన గిన్నె వంచి దానికి తాగనిచ్చిన సంగతి గుర్తు చేస్తారు. పిల్లి అపవిత్రం కాదనీ, అది మన మధ్య తిరుగాడే ప్రాణి అనీ దైవప్రవక్త (స) బోధించినట్టు ఆయనే తెలిపారు. ఆ మాట శిరోధార్యం. కానీ పాకీ వేరు, పరహేజు వేరు. డయాలిసిస్ రోగిలో రోగాలను ఎదుర్కొనే శక్తి తక్కువ. అందుకే ఎంగిలి పడ్డ నీళ్లు మిర్చీకే వదిలి, అంతే నీరు మళ్లీ కొలిచి పోస్తాం. గ్లాసుకు మూత వచ్చింది. ధర్మం ఇచ్చిన సౌలభ్యమూ, వైద్యుడు చెప్పిన జాగ్రత్తా ఒకే ఇంట్లో కలిసి ఉండగలవు.

పంపేయమన్నవారూ ఉన్నారు

‘పిల్లిని ఎక్కడైనా వదిలేసి రండి’ అని మామూజాన్ చాలాసార్లు అన్నారు. ఆయన భయం ఊరికే వచ్చింది కాదు. ఫిస్టులా మీద గీరితే చీము పట్టవచ్చు. డయాలిసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా మందు ఇస్తారు కనుక ఆ రోజు చిన్న గాయమైనా త్వరగా ఆగదు. పిల్లి ద్వారా కూడా రేబిస్ వస్తుంది. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్ల కాలం మామూజాన్‌కు బాగా గుర్తు. ఆ పాత టీకాను మన దేశంలో 2004తో ఆపేశారు. ఇప్పుడు కొద్ది మోతాదులు చేతికే వేస్తారు. అయినా కరిచినా, రక్కినా సబ్బు నీటితో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. డయాలిసిస్ సంగతి అక్కడి డాక్టరుకు ముందే చెప్పాలి.

అందుకే కట్టుబాట్లు పెట్టుకున్నాం. మిర్చీకి పశువుల ఆస్పత్రిలో ఏటా టీకా, తరచుగా గోళ్ల కత్తిరింపు. రాత్రి అమ్మీజాన్ పడక గదిలోకి రాకూడదు. ఫిస్టులా చేతికి ఎప్పుడూ పొడుగు చెయ్యి జాకెట్టు. పిల్లి మట్టిపెట్టె శుభ్రం చేయడం మా వంతు.

చేతిలోని గురగుర

ఫిస్టులా మీద వేలు పెడితే సన్నని అదురు తగులుతుంది. రక్తం జోరుగా పారుతోందనడానికి అదే గుర్తు. ‘పిల్లి గురగురలా ఉండాలమ్మా, రోజూ చూసుకోండి’ అని నర్సు చెప్పింది. స్టెతస్కోపు కనిపెట్టిన ఫ్రెంచి వైద్యుడు లెనెక్ కూడా, గుండె దగ్గర చేతికి తగిలే ఇలాంటి కంపనాన్ని పిల్లి గురగురతోనే పోల్చి పేరు పెట్టాడు.

ఫజర్ నమాజు తరువాత మిర్చీ ఒళ్లోకి చేరగానే అమ్మీజాన్ ముందు దాని వీపు నిమిరి, తరువాత తన చెయ్యి చూసుకుంటారు. నిరుడు ఒక ఆదివారం తెల్లవారుజామున ఒడిలో గురగుర ఉంది, చేతిలో లేదు. వెంటనే మమ్మల్ని లేపారు. ఆటోలో ఆస్పత్రికి పరుగెత్తాం. ముందురోజు డయాలిసిస్ తరువాత బీపీ పడిపోవడంతో లోపల రక్తం గడ్డకట్టిందన్నారు. ఆ పూటే సర్జన్ గడ్డను తీసేశారు. ఆలస్యమై ఉంటే ఆ ఫిస్టులా పోయేది. మెడలో గొట్టం వేయవలసి వచ్చేది. అల్లాహ్ దయవల్ల సాయంత్రానికి ఆ అదురు తిరిగి వచ్చింది. మామూజాన్ ఆ తరువాత పిల్లి మాట ఎత్తలేదు.

అందరికీ ఇదే తీర్పు చెప్పలేం. ఇంట్లోనే పొట్టలోకి సంచితో ద్రవం ఎక్కించుకునే డయాలిసిస్ ఉంది. 2019లో కేంద్రం దాన్ని కూడా జాతీయ డయాలిసిస్ కార్యక్రమంలో చేర్చింది. ఆ గొట్టాన్ని పిల్లి కొరకడం వల్ల పొట్టలో ప్రమాదకరమైన ఇన్‌ఫెక్షన్లు వచ్చిన ఉదంతాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. అక్కడ సంచి మార్చేటప్పుడే కాదు, రాత్రి యంత్రం నడిచినంతసేపూ పిల్లి ఆ గది గడప దాటకూడదు. మూత్రపిండం మార్పిడి జరిగినవారు పిల్లి మలం అసలు ముట్టుకోరాదు. ఎవరి డాక్టరును వారు అడిగి నిర్ణయించుకోవాలి.

ఇంట్లో పిల్లి ఉన్నా లేకున్నా, ఫిస్టులా ఉన్న ప్రతి ఒక్కరూ పొద్దున్నా రాత్రీ ఆ చేతిమీద వేలు పెట్టి చూసుకోవాలి. అదురు ఆగిందనిపిస్తే తెల్లవారనీ, డయాలిసిస్ రోజు రానీ అనుకోక, ఆ క్షణమే ఆస్పత్రికి బయలుదేరాలి.