కొత్త బరోలో వగరుకు భయమెందుకు?

ఇటలీ వాయవ్యాన పియెడ్‌మాంట్‌లో, ఆల్బా పట్టణం దగ్గరి కొండల మీద పండే నెబ్బియోలో ద్రాక్షతోనే బరోలో చేస్తారు. ఇరవై, ముప్ఫై ఏళ్లు దాచుకుని తాగదగ్గ రెడ్ వైన్ అది. కొత్తలో రుచి చూసినవాళ్లు చాలామంది మొహం చిట్లించి గ్లాసు పక్కన పెట్టేస్తారు. అక్కడే నాకు బాధ.

అపోహ: రంగు పలచగా ఉంది కాబట్టి పస లేదు.

వాస్తవం: నెబ్బియోలో రంగే అంత. అచ్చు కాగితం మీద గ్లాసు వంచితే అడుగున అక్షరాలు కనబడతాయి. పస సంగతి మొదటి గుక్కలోనే తెలుస్తుంది.

అపోహ: నోరు పట్టేసింది, వైన్ పాడైంది.

వాస్తవం: పాడైతే వెనిగర్ వాసనో, తడిసిన అట్టపెట్టె వాసనో వస్తుంది. నోరు పట్టెయ్యడం వగరు పని. గుప్పెడు నేరేడు పళ్లు తిన్నాక నాలుక మొద్దుబారుతుంది చూడండి, అదే ఇది. ద్రాక్ష తొక్కల్లో, గింజల్లో ఉండే టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుంటాయి, నోట్లో జారుడు పోతుంది. షడ్రుచుల్లో చేర్చుకున్నాం గానీ, వగరు రుచి కన్నా స్పర్శకే దగ్గర.

నాలుగేళ్ల బరోలో ఒకటి తాగినప్పుడు ముందు ఎండు గులాబీ రేకుల వాసన, వెనకే చెర్రీ పులుపు వచ్చాయి. మింగేసరికి పై పెదవి చిగురుకు అతుక్కుపోయింది. గట్టి చీజ్ ముక్క నమిలి మళ్లీ గుక్క వేస్తే వగరు సగానికి దిగింది. ఆ ప్రాంతంలో గొడ్డుమాంసాన్ని బరోలోలోనే గంటల తరబడి ఉడికించుకుని తినడం ఊరికే కాదు.

అపోహ: ఏ వైనైనా పాతబడేకొద్దీ బాగుపడుతుంది.

వాస్తవం: ప్రపంచంలో తయారయ్యే వైన్లలో ఎక్కువ భాగం కొద్ది ఏళ్లలో తాగెయ్యాల్సినవే. బరోలోను చట్టప్రకారం 38 నెలలు నిలవ ఉంచాకే అమ్మాలి, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో. సీసాలో ఏళ్లు గడిచేకొద్దీ టానిన్లు ఒకదానితో ఒకటి ముడిపడతాయి, కొన్ని మడ్డిగా అడుగుకు దిగుతాయి, వగరు నునుపెక్కుతుంది. కానీ మొదట్లోనే పండు సారం లేకపోతే వయసు దాన్ని తెచ్చిపెట్టదు. కాబట్టి వగరు ఎంతుందని కాదు, అది దిగాక నోట్లో ఏం మిగిలిందో చూడండి.

అపోహ: రెడ్ వైన్‌ను గది వేడిలోనే తాగాలి.

వాస్తవం: ఆ మాట ఐరోపాలోని చల్లటి ఇళ్లలో పుట్టింది. బరోలోకు 16 నుంచి 18 డిగ్రీలు సరిపోతాయి. మే నెల విజయవాడ గదిలో ఆల్కహాల్ ఘాటు తప్ప ఏమీ తెలియదు. మరీ చల్లబరిస్తే వగరు గరుకెక్కుతుంది.

అపోహ: రోజూ కాస్త తాగితే గుండెకు మంచిది.

వాస్తవం: ఆరోగ్యానికి హాని లేని మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. రుచి చూడటమే వృత్తిగా ఉన్నవాళ్లు గుక్కను నోరంతా తిప్పి ఉమ్మేస్తారు. ముందు వగరు పోయిందా, పండు పోయిందా అన్నది తేల్చుకోవడానికి మింగక్కర్లేదు.