పాజ్ చేసిన మెసేజీలన్నీ ఒక్కసారే వస్తే

మా అమ్మ తెనాలిలో ఒక్కతే ఉంటుంది. పొద్దున ఎనిమిదింటికి బీపీ మాత్ర, రాత్రి ఎనిమిదింటికి షుగర్ మాత్ర. న్యూజెర్సీ నుంచి రోజూ రెండుసార్లు ఫోన్ చేసి గుర్తు చేయడం కుదరక, రెండేళ్ల కిందట ఇంట్లోని పాత కంప్యూటర్లో ఓ ప్రోగ్రాం పెట్టాను. టైముకి అమ్మ ఫోన్‌కి 'మాత్ర వేసుకో అమ్మా' అని మెసేజీ వెళ్తుంది. ఆఫీసులో నేను చేసే పనీ ఇలాంటిదే.

మొన్న డిసెంబరులో మూడు వారాలు ఊరెళ్లాను. పక్కన నేనుండగా మెసేజీ ఎందుకులే అని దాన్ని పాజ్ చేశాను. తిరిగొచ్చాక ఓ ఆదివారం సాయంత్రం నాలుగింటికి మళ్లీ ఆన్ చేశాను. తెనాలిలో అప్పుడు అర్ధరాత్రి దాటి రెండున్నర.

ఐదు నిమిషాల్లో అమ్మ ఫోన్. "ఏరా, ఏమైంది? ఫోను ఆగకుండా మోగుతోంది. అన్నీ మాత్ర వేసుకో అనే. రాత్రిది మర్చిపోయానేమోనని ఇంకోటి వేసుకున్నా."

కాళ్లూ చేతులూ ఆడలేదు. అమ్మ వాడే మాత్ర ఎక్కువైతే షుగర్ పడిపోతుంది. పక్కింటి పిన్నిగారిని నిద్ర లేపాను. పాపం ఆవిడ తెల్లారేదాకా కూర్చుని గంటకోసారి మిషనుతో చూస్తూ, ఓసారి తగ్గితే గ్లూకోజు నీళ్లు తాగించారు. గండం గడిచింది.

ఊరెళ్తూ పేపరు వద్దంటే కొందరు అబ్బాయిలు ఆ రోజులవి మానేస్తారు. కొందరు దాచి, మనం రాగానే కట్టంతా గుమ్మంలో పడేస్తారు. నా ప్రోగ్రాం రెండో రకం. పాజ్ చేస్తే పని ఆగింది గానీ తేదీల లెక్క ఆగలేదు. ఆన్ చేయగానే 21 రోజులకు బాకీ పడ్డ 42 మెసేజీలూ పంపేసింది.

ఇది లోపం కాదు. ఏ రోజు అమ్మకాల లెక్కా తప్పిపోకూడదనుకునే ఆఫీసుకి ఇదే కావాలి. ఎయిర్‌ఫ్లోలో దీన్ని క్యాచప్ అంటారు. 2025లో వచ్చిన మూడో వెర్షన్ నుంచి, మనం అడిగితే తప్ప అది పాత బాకీలు తీర్చదు. లినక్స్‌లో క్రాన్ తప్పిపోయినవి వదిలేస్తుంది, అనాక్రాన్ తర్వాత చేస్తుంది. ఇవన్నీ తెలిసి కూడా ఇంట్లో దానికి సెట్టింగు చూసుకోలేదు నేను!

క్యాచప్ తీసేసినా చివరి బాకీ ఒకటి వెళ్లొచ్చు. అందుకే ఇప్పుడు మెసేజీ పంపే ముందే టైము చూసేలా రాశాను. అరగంట దాటితే పంపదు. తేదీ, ఏ పూట మాత్రో కూడా మెసేజీలోనే ఉంటుంది. ఆన్ చేసేటప్పుడు ముందు నా నంబరుకే పెట్టి చూస్తున్నాను.

అమ్మ మాత్రం నా మార్పులేవీ పట్టించుకోలేదు. వారానికి సరిపడా గదులున్న మందుల డబ్బా తెప్పించుకుంది. మెసేజీ వస్తే ముందు ఆ పూట గది ఖాళీయేనా అని చూస్తుంది.