మీకు తెలుసా? బొమ్మ రైలుకు మోటారు ఎంత ముఖ్యమో బరువూ అంతే!

లెగో ఇటుకలతో సొంతంగా కట్టుకున్న రైలింజనులో చిన్న మోటారు పెడితే బలం చాలదని చాలామంది అనుమానం. నిజానికి ఇంజను ఎంత లాగగలదో తేల్చేది మోటారు ఒక్కటే కాదు. నడిపే చక్రాలకు పట్టాల మీద దొరికే పట్టే అసలు హద్దు. ఇటుక మీద ఒక్కో బుడిపెకు 8 మిల్లీమీటర్ల చోటు. ఆరు బుడిపెల వెడల్పున్న ఇంజనులో రెండు వైపులా గోడలు పోగా మిగిలేది 32 మిల్లీమీటర్లే. 2007లో వచ్చిన లెగో మోటార్ల శ్రేణి ‘పవర్ ఫంక్షన్స్’లోని ‘ఎం’ మోటారు వెడల్పు 24 మిల్లీమీటర్లు కాబట్టి అందులో ఇమిడిపోతుంది. బలం చాలదంటారా? 12 పళ్ల చక్రంతో 20 పళ్ల చక్రాన్ని తిప్పిస్తే వేగం 60 శాతానికి తగ్గుతుంది; రాపిడి నష్టాన్ని పక్కన పెడితే, తిప్పే బలం 1.67 రెట్లవుతుంది.

మరి బ్యాటరీకి చోటేది అన్న అభ్యంతరం సబబైనదే. వెనక పెట్టెలోకి నెడితే చోటు కలిసొస్తుంది గానీ, ఇంజను తేలికై చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. అందుకే వీలైతే ఆ బరువును నడిపే చక్రాల మీదే మోపాలి, కాదంటే చక్రాలకు రబ్బరు వలయాలు తొడగాలి. పట్టు లేకపోతే పెద్ద మోటారూ దండగే.