చేబదులు న్యాయం

నెలాఖరున కాఫీపొడి నిండుకొంటే మన ఇళ్ళలో ఏం చేస్తాం? పిల్లవాడి చేతికి ఓ గిన్నె ఇచ్చి పక్కింటికి పంపుతాం. మరో వారానికి వాళ్ళ గిన్నె పంచదార కోసం మన గడప తొక్కుతుంది. చేబదుళ్ళు లేనిదే ఏ వీధీ వీధి కాదు. అయితే న్యాయం కూడా చేబదులుగా దొరుకుతుందని నాకు ఈమధ్యనే తెలిసింది.

చాలా ఏళ్ళ కిందట నా తరగతిలో ఒక కుర్రవాడు ఉండేవాడు. అతని నడకనూ మాటతీరునూ తోటివాళ్ళు వెక్కిరించేవారు. రెండో ఏడాది చదువు మానేశాడు. చూస్తూ ఊరుకొన్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ బరువుతోనే ఈ సంగతులు చదవడం మొదలుపెట్టాను.

హైదరాబాదులో నిజాం కాలంనాటి చట్టం ఒకటి ఉండేది. 1329 ఫసలీలో, అంటే 1919లో పుట్టింది. అనుమానం ఉంటే చాలు, హిజ్రాల పేర్లూ నివాసాలూ సర్కారు రిజిస్టరులోకి ఎక్కేవి. అలా పేరు ఎక్కిన మనిషి ఆడవేషంలో వీధిలో కనిపించినా, నలుగురిలో ఆడినా పాడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ళదాకా జైల్లో పెట్టవచ్చు. నిజాం పాలన పోయింది, రాష్ట్రాలు మారాయి, చట్టం మాత్రం పుస్తకాల్లో అలాగే కూర్చున్నది. వైజయంతి వసంత మొగ్లి ప్రభృతులు కోర్టుకు వెళ్ళగా, 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది.

ఆ తీర్పుకు దన్ను ఎక్కడిదా అని వెనక్కి నడిచాను. 2014 ఏప్రిల్ 15న మన సుప్రీంకోర్టు ఇచ్చిన ‘నాల్సా’ తీర్పు దగ్గర ఆగాను. తాను స్త్రీయో, పురుషుడో, ఆ రెండూ కాదో చెప్పుకొనే హక్కు ఆ మనిషిదేనన్నది దాని సారాంశం. అందులో నేపాల్, పాకిస్తాన్ సుప్రీంకోర్టుల మాటలు కనిపించాయి! సరిహద్దులో తుపాకులు మోగినా, ఖ్వాజాసరాల హక్కులపై 2009లో ఇస్లామాబాదు కోర్టు మొదలుపెట్టిన ఉత్తర్వులు ఢిల్లీ కోర్టుకు పనికివచ్చాయన్నమాట.

మరి నేపాల్ కథ ఏమిటి? సునీల్ బాబు పంత్ 2001లో ఖాట్మండులో ‘బ్లూ డైమండ్ సొసైటీ’ స్థాపించారు. 2006 నవంబరులో జావా ద్వీపంలోని యోగ్యకర్త నగరంలో, గజ మద విశ్వవిద్యాలయంలో పలు దేశాల నిపుణులు సమావేశమై 29 సూత్రాలు కూర్చారు. స్వలింగ ప్రేమికులకూ, హిజ్రాలకూ మానవహక్కులన్నీ వర్తిస్తాయని వాటి తాత్పర్యం. వాటిపై సంతకం చేసినవారిలో పంత్ కూడా ఒకరు. 2007 డిసెంబరు 21న నేపాల్ సుప్రీంకోర్టు ఆయన కేసులో ఇచ్చిన తీర్పులో ఆ సూత్రాలను ఉదహరించింది. ఆరేళ్ళు దాటాక మన కోర్టూ అదే పని చేసింది. జావా నుంచి ఖాట్మండుకు, అక్కడి నుంచి ఢిల్లీకి, ఢిల్లీ నుంచి హైదరాబాదుకు — గిన్నె ఎంత దూరం నడిచింది!

ఈ ఇరుగుపొరుగుకు ఇంత పొత్తు ఎందుకు కుదిరిందంటే, రోగం ఒక్కటే కనుక. 1860లో తెల్లదొరలు రాసిన శిక్షాస్మృతిలోని 377వ సెక్షను మనతో ఆగలేదు. బర్మా, మలయా, సింగపూరులకూ పాకింది. దేశవిభజనతో పాకిస్తాన్‌కు, ఆపైన బంగ్లాదేశ్‌కు వారసత్వమైంది. అందుకే ఒకరింట మందు పనిచేస్తే పక్కింటివారు సీసా అడుగుతారు. 2018 సెప్టెంబరు 6న మన సుప్రీంకోర్టు వయోజనుల ఇష్టపూర్వక సంబంధం నేరం కాదన్నది. మరుసటి ఏడు ఆఫ్రికాలోని బోట్స్వానా హైకోర్టు తన తీర్పులో ఆ మాటలను ఎత్తి చూపింది.

అన్ని గిన్నెలూ నిండివచ్చాయనుకోకండి. 2023 అక్టోబరు 17న మన సుప్రీంకోర్టు స్వలింగ వివాహాల సంగతి శాసనసభలు తేల్చాలన్నది. సరిగ్గా మరుసటి నెలలో నేపాల్‌లోని లంజుంగ్ జిల్లాలో అలాంటి ఒక పెళ్ళి రిజిస్టరైంది.

చట్టాలను కోర్టులు కొట్టివేస్తాయి. తరగతిలోని వెక్కిరింతను కొట్టివేయవలసింది ఎవరు? దానికి ఏ దేశం నుంచీ చేబదులు రాదు. అది మన ఇంటి డబ్బాలోంచే తీయాలి. ఆ కుర్రవాడు ఇప్పుడెక్కడున్నాడో గాని, కనిపిస్తే ఈ మాట ముందు అతనికే చెప్పాలని ఉన్నది.